తాళం వేసిన గదిలోంచి ఫోను

నమ్మకపోతే మానెయ్యండి. బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పమన్నా ఇదే చెబుతాను.

తెనాల్లో ఓ ప్రైవేటు ఆసుపత్రి. రిసెప్షన్లో నాది నైట్ డ్యూటీ. మా కంప్యూటర్లన్నీ కిరణ్ చూసేవాడు. రేపల్లె అబ్బాయి. నన్ను అక్కా అనేవాడు. నెలల తరబడి వాడికి జీతం ఇవ్వలేదు. అడిగితే రేపు, ఎల్లుండి. చివరికి మానేశాడు. ఆ రాత్రే ఇంట్లో కూర్చుని మా సర్వర్లోకి దూరి, ఉన్నదంతా చెరిపేశాడు.

పొద్దున్నే పొన్నూరు నుంచి ఓ పెద్దాయన ఆపరేషన్‌కి వచ్చాడు. రిపోర్టు ఒక్కటీ లేదు. వెనక్కి పంపేశారు.

జీతం సంగతి ఎవరూ ఎత్తలేదు. కేసు పెట్టారు. పోలీసులు సర్వర్‌నీ పట్టుకెళ్ళారు, వాణ్ణీ పట్టుకెళ్ళారు. రిమాండు. సర్వర్ ఉన్న గదికి తాళం.

ఆ వారంలోనే... ఓ రాత్రి. వాన. ఇంటర్‌కం మోగింది. నంబరు చూశాను... సర్వర్ గదిది.

ఎత్తాను.

"రిసెప్షన్ అండి..."

మాట లేదు. టక్... టక్ టక్... కీబోర్డు చప్పుడు. ఆగింది... మళ్ళీ మొదలైంది. మధ్యమధ్య ఎవరిదో ఊపిరి.

"కిరణ్?" అన్నాను. ఎందుకన్నానో తెలీదు.

చప్పుడు ఆగిపోయింది. ఊపిరి మాత్రం... వినపడుతూనే ఉంది.

వాచ్‌మన్ బాబాయిని పిలిచి తాళం తీయించాను. టార్చి వేశాడు. ఖాళీ గది. గోడకి ఫోను ఒక్కటే. రిసీవరు ముట్టుకున్నాను... గోరువెచ్చగా ఉంది.

"లైన్లో తడేమోలేమ్మా," అన్నాడు బాబాయి. తనూ ముట్టుకున్నాడు. చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు. గబగబా తాళం వేసేశాడు.

విచారణ మొదలయ్యాక కోర్టు వరండాలో కిరణ్ కనిపించాడు. బెయిలు మీద ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. బాపట్లలో కుదిరిన ఉద్యోగం, కేసు సంగతి తెలిసి చేజారిందట. నేరం రుజువైతే మళ్ళీ జైలు, పైన జరిమానా.

"లేబర్ ఆఫీసుకి వెళ్ళాల్సింది అక్కా. ఇప్పుడు నా జీతం అడిగే మొహం కూడా లేదు," అన్నాడు.

ఫోను సంగతి నేను ఎత్తలేదు. వాడే మెల్లగా అన్నాడు.

"జైల్లో ఒకటే కల అక్కా. ఆ గదిలో కూర్చుని, చెరిపినవన్నీ మళ్ళీ టైపు చేస్తుంటాను. ఓ రాత్రి ఎవరో పేరు పెట్టి పిలిచారు... భయమేసి ఆపేశాను."

ఏ రాత్రని అడగబోయాను.

అంతలో నన్ను లోపలికి పిలిచారు. నేను సాక్షిని.

"ఇతను ఆ గదిలో ఆఖరుసారి ఉన్నదెప్పుడమ్మా?" ప్లీడరుగారు అడిగారు.

కిరణ్ తల దించుకుని నిలబడి ఉన్నాడు.

"మానేసిన రోజేనండి," అన్నాను.

అది నిజమో కాదో... నాకు ఇప్పటికీ తెలీదు.