రామెన్ సూపుకి ఎంగిలి అంటదట!

మన తెలుగువాళ్ళ గ్రూపులో ఇది రాయకుండా ఉండలేను.

సాయంత్రం మా అమ్మాయి గోల పెడితే మన ఈ హిందీ ఊళ్ళో, స్మృతి నగర్‌లో కొత్తగా తెరిచిన నూడుల్స్ హోటల్‌కి వెళ్ళాం. చిన్న చోటు, ఎర్ర కాగితం లాంతర్లు, ఎదురుగానే వంట. ముచ్చటేసింది. నేను "భయ్యా" అని పిలిస్తే ఓనరు "చెప్పక్కా" అన్నాడు. విజయనగరం యాస! మనోడే కదా అని ఇంకా సంతోషించాను. రామెన్, అదే సూపులో వేసిన జపాన్ నూడుల్స్, తినడానికి రెండు పుల్లలతో వచ్చింది. గిన్నె ఎత్తి ఆఖరి చుక్క దాకా సూపు తాగేశాను.

"ఇంత రుచి ఎలా వచ్చింది బాబూ?" అంటే, "పొద్దుట్నుంచి మరుగుతోందక్కా" అని మురిసిపోయాడు.

అంతలో పక్క బల్లవాళ్ళు లేచి వెళ్ళారు. వాళ్ళ గిన్నెల్లో మిగిలిన సూపుని ఇతను నా కళ్ళముందే మళ్ళీ ఆ మరిగే గుండిగలో పోసేశాడు!

"ఏటిది బాబూ, ఎంగిలి కదా!" అని అరిచాను.

"ఎంగిలెలగవుద్దక్కా? పుల్లల్తో నూడుల్సే తిన్నారు. సూపుకి నోరు పెట్నేదు కదా!"

మరి ఆ పుల్లలు ఎక్కడ పెట్టుకుని తిన్నారు, చెవిలోనా? ఛీ!

తెలుగు అంతంతమాత్రంగా వచ్చిన మా అమ్మాయి "ఎంగిలి అంటే ఏంటమ్మా?" అంది. "జూఠా" అన్నాను. గిన్నె అవతలకి నెట్టేసింది. నాకు ఆ అవకాశం కూడా లేదు, నా గిన్నె ఎప్పుడో ఖాళీ.

ఎన్నిసార్లు పుక్కిలించినా ఆ రుచి పోవడం లేదు. మీలో ఎవరైనా అక్కడ తిన్నారా? మొహమాటపడకుండా చెప్పండి. మనమంతా ఇప్పుడు ఒకే కంచంలో తిన్నవాళ్ళం.