పన్నెండు మీటర్ల సంచి

మా మిద్దె ఎక్కితే కడంబూరు వైపు గాలిమరలు కనిపిస్తాయి. ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, గాలి ఎంత ఉందో నేను వాటినే చూసి చెప్పేదాన్ని. మా ఊళ్లో అందరూ అంతే. మర బద్ధకంగా తిరిగితే గాలి లేదంటాం, ఉతికిన చీరలు ధైర్యంగా ఆరేసుకుంటాం.

కోవిల్‌పట్టిలో ఒక బడిలో సైన్స్ చెబుతాను. నలభై దగ్గరపడ్డాక, తూత్తుకుడి దగ్గర సముద్రంలో గాలిపటం లాగుతుంటే పలక మీద నిలబడి నీళ్లపై జారే ఆట నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఎందుకని అడిగితే, మనిషిని లాక్కుపోయే గాలిపటం ఎలా ఉంటుందో చూడాలనిపించింది.

ఇందులో ముందు తెలియాల్సింది సైజు. గాలి తక్కువైతే పెద్ద పటం, ఎక్కువైతే చిన్నది. మనిషి బరువును బట్టి కూడా మారుతుంది. అక్కడ పటాలు మడిచిపెట్టిన మూడు సంచులుండేవి: ఏడు, తొమ్మిది, పన్నెండు చదరపు మీటర్లవి. చిన్నది తీసుకుంటే నీళ్లలో నిలబడిపోతాం. మరీ పెద్దది తీసుకుంటే ఎక్కడ పడేస్తుందో దేవుడికే తెలియాలి.

నా సెలవుల్లో అది ఆఖరి రోజు. ఆ రోజు ఒంటరిగా వెళ్లనిస్తానని ఆట నేర్పే మాస్టారు మాటిచ్చాడు, కానీ ఒక షరతు. సైజు నేనే చెప్పాలి. తప్పు చెబితే ఒడ్డునే కూర్చోవాలి. ఈ పిచ్చేమిటో చూద్దామని మా మేనత్త కూడా బస్సెక్కింది. ఆమెకు అరవై దాటాయి, సగం జీవితం కళ్లంలో కంబు గింజలు, అదే సజ్జలు, తూర్పారబట్టడంలోనే గడిచింది.

"పన్నెండు," అన్నాను దిగీదిగగానే. పొద్దున మరలు మెల్లగా తిరగడం చూశాను కదా!

అత్త వంగి పొడి ఇసుక పిడికెడు తీసి నడుము ఎత్తు నుంచి వదిలింది. అది ఆమె పాదాల దగ్గర పడలేదు, దూరంగా కొట్టుకుపోయింది.

"ఏం పిల్లా, గాలి రొంబ ఉండాది. ఈ గాల్లో తూర్పారబడితే పొట్టుతో గింజలూ పోతాయి."

నాకు ఒళ్లు మండింది. సైన్స్ చెప్పేది నేనా, తనా? "పన్నెండే," అన్నాను మళ్లీ.

మాస్టారు గాలి కొలిచే మీటరు పైకెత్తాడు. ఇరవై నాలుగు నాట్స్, అంటే గంటకు నలభై నాలుగు కిలోమీటర్లు. నా యాభై ఎనిమిది కిలోలకు ఏడు చాలట. మరల సంగతి చెబితే నవ్వాడు. అంత పొడుగు రెక్క దూరం నుంచి ఎప్పుడూ మెల్లగానే కనిపిస్తుందట, పైగా గాలి పెరిగినా ఒక వేగం దాటకుండా తిప్పుతారట. ఇన్నేళ్లూ వాటిని చూస్తూ ఈ ప్రశ్న నాకెందుకు రాలేదు? సిగ్గేసింది. నాలుగింటికి మళ్లీ అడుగుతానని సంచులు పక్కన పెట్టేశాడు.

మధ్యాహ్నమంతా ఇసుక వదులుతూ కూర్చున్నాను. ప్రతిసారీ అది పడినచోట ఒక గవ్వ పెట్టాను, మాస్టారిని మీటరు అడిగి సరిచూసుకున్నాను. గాలి తగ్గేకొద్దీ గవ్వలు మెల్లమెల్లగా నా పాదాల వైపు వచ్చాయి. అత్తకు ఈ గవ్వల లెక్క తెగ నచ్చింది.

నాలుగయ్యింది. మాస్టారు మీటరు జేబులో దాచి నన్ను చూశాడు. నేను అత్తను చూశాను. ఆమె తల తిప్పేసుకుంది.

"నన్ను చూడద్దు. పొయ్యేది నువ్వు."

ఇసుక వదిలాను. పొద్దుటి దూరంలో సగానికి కాస్త అటుగా పడింది. ఏడు సరిపోదు, పన్నెండు మరీ ఎక్కువ. "తొమ్మిది," అన్నాను.

మీటరు పదిహేడు చూపింది. మాస్టారు తొమ్మిది సంచి నా చేతిలో పెట్టాడు.

ఒంటరిగా వెళ్లాను. రెండుసార్లు పడ్డాను, మూడోసారి పలక లేచింది, పటం లాగింది, ఒడ్డు పక్కకు జరిగిపోయింది. నాకు అరవాలనిపించి అరిచాను. అంత సంతోషం నాకు ఈమధ్య దేనికీ కలగలేదు.

తిరిగి వచ్చేసరికి అత్త పొద్దున నేనడిగిన పన్నెండు సంచి మీద చెయ్యేసుకుని కూర్చుని ఉంది. ఆమె ముందు వరసగా నా గవ్వలు, వాటి పక్కన ఆమె పెట్టుకున్నవి.

"మాస్టార్ని అడిగితిని," అంది. "డెబ్బై కిలోలకు, ఈ గాలికి, నాకు ఇదేనంట. నీకు మళ్లీ లీవు ఎప్పుడు?"