నిలబెట్టిన గద్ద

నాణేల గదిలోంచి బయటికి వచ్చిన ప్రతిసారీ ఆయన రెండు చేతులూ ముందుకు చాచేవాడు. అరచేతులు చూపించి, తిప్పి వెనకవైపు కూడా చూపించేవాడు. చూపించమని ఎవరూ అడగలేదు. ఇంట్లో వంటగదిలోంచి వచ్చినా అదే పని. "పంచదార డబ్బా మీద నాకేం అనుమానం లేదు లెండి" అనేది భార్య.

ఆయన మ్యూజియంలో ఫోటోగ్రాఫరు. నాణేల గది తాళాలు బావమరిది దగ్గర ఉండేవి. ఆయనకి ఆ ఉద్యోగం ఇప్పించింది కూడా బావమరిదే. ఇప్పించినవాడికి మాట రాకూడదని చేతులు చూపిస్తున్నానని ఆయన అనేవాడు. ఇంకో కారణం ఉంది, అది ఎవరికీ చెప్పలేదు. తాళాలున్నవాణ్ణి ఆయన నమ్మడు, వాడు సొంత బావమరిదైనా సరే. తన చేతులు ఖాళీ అని ముందే తేలిపోతే, రేపు ఏదైనా పోయినప్పుడు వేలు చూపించడానికి ఒక్కడే మిగులుతాడు.

అంతకుముందు చాలా ఏళ్లు ఒక స్టూడియోలో గుర్తింపు కార్డులకి ఫోటోలు తీశాడు. "తల కాస్త ఎత్తండి. కుడి భుజం దించండి. ఆఁ, అలాగే." వంకరగా వచ్చి కూర్చున్న ఊరినంతటినీ ఒక్కొక్కరుగా నిటారుగా కూర్చోబెట్టాడు.

మ్యూజియంలో పని వేరు. ప్రాచీన గ్రీకు నాణేలను ఇంటర్నెట్‌లో అన్నివైపుల నుంచీ చూపించాలి. నల్లగుడ్డ గుడారంలో ఒక చిన్న మోటారు పీట. పీట మధ్య సన్నని పుల్ల, పుల్ల కొసన ఆవగింజంత మైనం. దాని మీద నాణేన్ని అంచున నిలబెడతాడు. పీట పిసరంత తిరుగుతుంది, కెమెరా క్లిక్కుమంటుంది. మళ్లీ పిసరంత, మళ్లీ క్లిక్కు. చుట్టు పూర్తయ్యాక ఫోటోలన్నీ వరసగా కలుపుతాడు. ఎక్కడో కూర్చున్న మనిషి తెర మీద వేలితో తోస్తే నాణెం తిరుగుతుంది. బొమ్మ పోయి అంచు, అంచు పోయి బొరుసు. బావమరిది ఆయనకి బొంగరం అని పేరు పెట్టాడు. ఆయన బావమరిదిని తాళంచెవి అనేవాడు.

ఒక వెండి నాణేనికి బొమ్మవైపు దేవత ముఖం, బొరుసువైపు రెక్కలు విప్పిన గద్ద. ముఖాన్ని నిటారుగా నిలబెట్టి పీట తిప్పితే, సగం చుట్టయ్యేసరికి గద్ద తలకిందులుగా వచ్చింది. ఆయనకి కంట్లో నలక పడ్డట్టయింది. పీట ఆపాడు. నాణేన్ని మైనం మీంచి తీసి, గద్ద కాళ్లు కిందికి వచ్చేలా తిప్పి అతికించి, మిగతా సగం తీశాడు. అంచు ఎదురుగా వచ్చే చోట రెండు సగాలనీ కలిపాడు. అక్కడ నాణెం ఒట్టి గీత, అతుకు ఎవరికీ కనిపించదు. సరిచేశానని కూడా అనుకోలేదు. దుమ్ము తుడిచినట్టే అనుకున్నాడు.

ఆ నాణెం వెబ్‌సైట్ ఎక్కిన కొన్నాళ్లకి, ఒక ఉదయం ఆయనా బావమరిదీ వెళ్లేసరికి గదికి సీలు వేసి ఉంది. క్యూరేటరు మేడమ్ తలుపు ముందు నిలబడి ఉంది.

"వెబ్‌సైట్‌లో ఉన్న గద్ద నాణెం మనది కాదట. మారిపోయిందని ఒక ప్రొఫెసరు రాశారు. రేపు కమిటీ ముందు గది తెరుస్తాను. అందాకా మీరిద్దరూ ఇంటికి వెళ్లండి."

నాణెం నిజంగా మారిపోయి ఉంటే తాళాలున్నవాడి ఉద్యోగం పోతుంది, ముట్టుకున్నవాడి పరువు పోతుంది. ఇద్దరూ మెట్లు దిగారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

ఇంటికి వచ్చి భార్యకి చెప్పాడు. "మీ తమ్ముడేనేమో."

"వాడా? చిన్నప్పుడు నా పెన్సిలు కూడా తియ్యలేదు."

"పెన్సిలు వెండిదైతే తెలిసేది."

పగలంతా కూర్చుని ఒక్కొక్కటే తవ్వుకున్నాడు. బావమరిది ఈమధ్య కొత్త కళ్లజోడు కొన్నాడు. ఫోనొస్తే వరండాలోకి వెళ్లి మాట్లాడుతున్నాడు. నవ్వడం కూడా ఎక్కువైంది. ఏ లాభమూ లేకుండా మనిషి అంత నవ్వుతాడా?

సాయంత్రం బావమరిదే వచ్చాడు. అక్క మంచినీళ్లు తెచ్చి పెట్టింది.

"బావా, ఒక్కమాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు."

"కోపం వచ్చే మాటైతే అడక్కు."

"ఆ నాణెం నీ గుడారంలో ఎంతసేపుంది?"

"తాళాలు నీ జేబులో ఎన్నేళ్లుగా ఉన్నాయి?"

"నేను ఇప్పించిన ఉద్యోగం, నా మెడకే చుట్టావు."

"భుజాలు తడుముకోకురా."

అక్క మధ్యలోకి వచ్చింది. "ఆయన మీద నీకు అనుమానం, నీ మీద ఆయనకి. నా మీదే ఎవరికీ లేదు. ఆ గది గుమ్మం తొక్కలేదు కాబట్టి బతికిపోయాను."

ఎవరూ నవ్వలేదు.

"అసలు మారిందని ఎలా చెప్పారట?" అన్నాడు ఆయన.

"ఇందాక మేడమ్‌కి ఫోన్ చేసి కనుక్కున్నా. ఆ కాలంలో సుత్తితో కొట్టి అచ్చు వేసేవాళ్లట. కింది అచ్చు దిమ్మెలో బిగించి ఉంటుంది, పై అచ్చు చేతిలో ఉంటుంది. చెయ్యి ఎటు తిరిగితే బొరుసు అటు పడుతుంది. దాన్ని బట్టి ఏ నాణెం ఏదో పోలుస్తారట. మనదాని ఫోటో పాత పుస్తకంలో ఉంది. అందులో గద్ద తలకిందులు. నువ్వు తిప్పినదాంట్లో నిటారుగా ఉంది."

గద్దని నిలబెట్టింది తనేనని ఆయనకి తెలుసు. చెబితే బావమరిది గట్టెక్కుతాడు. కాని గద్ద ఒక్కటే కాదు. ఒరిగిన గుర్రాన్ని నిలబెట్టాడు, పక్కకి పడుకున్న ఓడని లేపాడు. చెబితే తను తిప్పిన ఏ నాణేన్నీ ఇక ఎవరూ నమ్మరు.

"మాట్లాడవేం బావా?"

"మాట్లాడటానికేముంది."

"అంతేలే." బావమరిది లేచాడు. "అక్కా, వస్తా." నీళ్లు ముట్టుకోలేదు. గుమ్మంలో ఆగి వెనక్కి చూశాడు. వచ్చినప్పుడు ఆ కళ్లలో ప్రశ్న ఉంది. ఇప్పుడు లేదు.

తలుపు వేసి వచ్చి భార్య అడిగింది. "మీరే తీశారా?"

"లేదు."

ఆవిడ తలూపింది. నమ్మినట్టు మాత్రం ఊపలేదు.

మర్నాడు ఉదయం, కమిటీవాళ్లు సీలు మీద చెయ్యి వేయకముందే ఆయన ముందుకొచ్చాడు. గద్దని తనే నిలబెట్టానన్నాడు. అతుకు ఎక్కడుందో చెప్పాడు. గదిలోకి వెళ్లి నాణెం ఉన్న పెట్టె తెరిచారు. గద్ద తలకిందులుగానే ఉంది. బావమరిది గోడకి ఆనుకుని ఊపిరి పీల్చుకున్నాడు. ఆయన వైపు చూడలేదు.

"ఇంకా ఎన్నింటికి చేశారు?" అంది మేడమ్.

"చాలావాటికి."

"ఏవేవి?"

"వంకరగా ఉన్నవాటికి."

"వాటిని వెబ్‌సైట్‌లోంచి ఇప్పుడే తీసెయ్యండి."

ఆయన కంప్యూటరు ముందు కూర్చున్నాడు. బావమరిది పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, సాయానికి కాదు. గుర్రం పోయింది. ఓడ పోయింది. తర్వాత గుడ్లగూబ వచ్చింది. మెల్లగా ఒక చుట్టు తిప్పి చూపించాడు.

"దీన్ని నేను సరిచెయ్యలేదురా. అచ్చు పడటమే ఇలా నిటారుగా పడింది."

"ఎవరు నమ్ముతారు బావా?"

ఆయన గుడ్లగూబని ఇంకో చుట్టు తిప్పాడు. దాన్ని కూడా తీసేశాడు.