బొగ్గుకు చల్లారడం నేర్పిన వసుంధర గారు

వసుంధర గారు ఇక లేరన్న కబురు అమీర్‌పేట మెట్రో మెట్లు దిగుతుండగా అందింది. సోమాజిగూడ ఆసుపత్రిలో ముందురోజు సాయంత్రమే ఆమెతో మాట్లాడి వచ్చాను. దిగ్భ్రాంతితో అక్కడే నిలబడిపోయాను.

పంజాగుట్టలోని మా ఇంజనీరింగ్ సంస్థలో ఆమె ప్రధాన శాస్త్రవేత్త. నేను ఆమె దగ్గర పని నేర్చుకున్నవాడిని. తేమ ఎక్కువై సరిగా మండని నాసిరకం బొగ్గును ఆరబెట్టి, ఒత్తి, మేలైన ఇంధనపు దిమ్మెలుగా మార్చడం ఆమె జీవితకాల తపస్సు. బస్తాలకొద్దీ చేసే చిన్న యంత్రంలో అది అద్భుతంగా ఫలించింది. లారీలకొద్దీ చేస్తే నిలుస్తుందా అన్నదే ప్రశ్న.

నగర శివారులో పెద్ద యంత్రం తొలిసారి నడిచినప్పుడు, నున్నటి దిమ్మెలు ధారగా రాలుతుంటే ఆమె చప్పట్లు కొట్టారు. కొనుగోలుదారులు చూడటానికి వచ్చే ఉదయం మాత్రం, ఆమె కుప్పలో చేయి పెట్టి చప్పున వెనక్కి తీసుకున్నారు. లోపల వేడి రాజుకుంటోంది.

"బంద్ చెయ్యుర్రి," అన్నారు.

మేనేజరు ప్రసాదరావు గారు కంగారుపడ్డారు. "ఏంటి మేడం, వాళ్లు దారిలో ఉన్నారండి. ఇప్పుడు ఆపితే మనమీద నమ్మకం పోదూ?"

"పోనియ్యుర్రి. గీ బొగ్గు రైలు డబ్బాల అంటుకుంటే పానాలే పోతయి. చిన్న కుప్ప చల్లారినట్టు పెద్ద కుప్ప చల్లారదు. వాళ్లకు సుత గదే చూపిద్దాం."

దాచకుండా చూపించారు. వచ్చినవాళ్లు ఒప్పందం చేసుకోకుండానే వెళ్లిపోయారు. మేము కుంగిపోతే ఆమెలో కొత్త హుషారు పుట్టింది. "ఫికర్ చెయ్యకు తమ్మీ, అసలు సంగతి ఇప్పుడు దొరికింది," అంటూ అమీర్‌పేటలో చాయ్ తాగుతూనే కొత్త గది ఆకారాన్ని గాలిలో వేళ్లతో గీసేవారు. దిమ్మెలు కుప్పకు చేరకముందే వాటిని నెమ్మదిగా చల్లబరిచి, రవ్వంత తేమను తిరిగి అందించే గది అది.

ఆ గది అమర్చి మళ్లీ నడిపాం. ఎండలు పోయాయి, వానలు వచ్చాయి; కుప్ప చల్లగానే ఉంది. అప్పుడు ఆ కొనుగోలుదారులనే పిలిచి, "మీరే ముట్టి చూడుర్రి," అన్నారు. ఆనాడు ఒప్పందం చేసుకోకుండా వెళ్లినవారే పూర్తిస్థాయి కర్మాగారం కట్టిస్తామన్నారు. ఆమె ఆనందంతో నా భుజం పట్టుకుని ఊపేశారు.

చివరి సాయంత్రం ఆ కర్మాగారం పునాదుల ఫొటో చూపించాను. కళ్లు మెరిశాయి.

"మస్తుగుంది. నేను లేనని ఆపకుర్రి. కానీ జర వేడి తగిలిందో, ఎవ్వల మాట వినకుర్రి, ఆపుర్రి."

ఇప్పుడు అక్కడ గోడలు లేస్తున్నాయి. విజయోత్సాహంలో ఉన్న అందరినీ ఆగమని చెప్పి, ఆ ఆగడంలోనే మరింత ఉత్సాహం చూపగల ధీశాలి మరొకరు మాకు లేరు. కర్మాగారం మొదలయ్యే రోజున ఆమె ముఖం చూడాలనుకున్నాం. ఆ భాగ్యం దక్కని బాధతో, ఆ విదుషీమణికి శిరసు వంచుతున్నాను.