ఫౌత్ అని రాసిన పిల్ల

2011. తెలంగాణ కోసం రోడ్లన్నీ అట్టుడికిన ఏడాది. అప్పటికే చాలా ఏళ్లుగా నేను జగిత్యాలలో మా ఇంటి ముందుగదిలో తర్జుమా పని చేస్తున్నాను. నిజాం కాలపు ఉర్దూ, ఫారసీ కాగితాలను చదివి తెలుగులో రాసి ఇవ్వడం నా వృత్తి. మా నాన్న, మా ఇంటి మాటలో అబ్బా, కచేరీలో ఇదే పని చేసేవారు. షికస్తా చదవడం నాకు నేర్పింది ఆయనే. షికస్తా అంటే గుమాస్తాల గొలుసుకట్టు రాత. రాసేవాడి తొందరలో చుక్కలు ఎగిరిపోతాయి, అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడిపోతాయి.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది భూమి కోసం వస్తారు. తమ పెద్దవాళ్లెవరో తెలుసుకోవాలని వచ్చేవాళ్లు అరుదు. ఎల్లవ్వ అలా వచ్చిన మనిషి.

ఆమెది చందుర్తి మండలంలో ఒక పల్లె. అరవై అయిదేళ్లు దాటి ఉంటాయి. ఎండాకాలం మధ్యాహ్నం కొడుకు శంకర్‌తో కలిసి వచ్చింది. శంకర్ సిరిసిల్లలో సాంచెలు నడుపుతాడు. మరమగ్గాలను అక్కడ సాంచెలనే అంటారు. ఆ చప్పుడులో బతికే మనిషి కాబట్టి మామూలు మాట కూడా గట్టిగా మాట్లాడతాడు. కానీ ఆ రోజు అతనే గొంతు తగ్గించి మొదలుపెట్టాడు.

"మేడం, ముందుగాల ఒక మాట. గిది మా ఊర్ల ఎవలికీ తెల్వద్దు."

"నువ్వు ఊకో," అంది ఎల్లవ్వ. నావైపు తిరిగి, "బిడ్డా, నేను గౌండ్లోల్ల బిడ్డను. గట్లనే పెరిగిన, గట్లనే పెండ్లయింది. మా అవ్వ లచ్చవ్వ పానం పొయ్యేటప్పుడు నా చెయ్యి వట్టుకొని చెప్పింది, నువ్వు నా కడుపుల పుట్టలే, అబ్కారీ సాయబు బిడ్డవు అని. గత్తరల నీ అవ్వ, నాయిన ఇద్దరూ పోయిండ్రు, నేను తెచ్చుకున్న అన్నది. గంతే. పేర్లు చెప్పకముందే మాట వడిపోయింది."

"ఎన్నేండ్లయింది అవ్వా ఆమె పోయి?"

"శానా ఏండ్లు. మా ఆయన ఉన్నన్ని రోజులు నేను నోరు తెరువలే. ఇప్పుడు ఆయన లేడు. పెత్తరమాస నాడు పోయిన పెద్దలందరి పేర్ల మీద బియ్యం ఇస్త. కన్నతల్లి పేరు మీద ఇద్దమంటె పేరే తెల్వదు. గా పేరొక్కటి చెప్పు బిడ్డా, చాలు."

గత్తర అంటే కలరా. అబ్కారీ అంటే కల్లు, సారా మీద పన్ను చూసే శాఖ. దాని జవాన్లు ఊళ్లలో మకాం ఉండి ఏ చెట్టు ఎవరు గీస్తున్నారో చూసేవాళ్లు. కల్లు గీసే గౌండ్లవాళ్లకు వాళ్లంటే భయం, కోపం రెండూ ఉండేవి. అలాంటి జవాను బిడ్డను గీతగాడి పెళ్లాం పెంచిందంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. అయినా సర్కారు నౌకరీ చేసిన మనిషి ఉద్యోగంలో ఉండగా పోతే ఎక్కడో ఒక మిసల్ ఉంటుంది. మిసల్ అంటే ఫైలు. చూస్తానన్నాను.

హైదరాబాద్‌లో రాష్ట్ర ఆర్కైవ్స్‌కు ఎవరైనా వెళ్లొచ్చు. గుర్తింపు కాగితం చూపి, ఎందుకు వచ్చామో రాసి ఇస్తే రీసెర్చ్ రూమ్‌లో కూర్చోనిస్తారు. కానీ అక్కడ మనుషుల పేర్లతో వెతికితే ఏదీ దొరకదు. ఏ శాఖ, ఏ జిల్లా, ఏ ఫసలీ సంవత్సరం, ఇదీ వరుస. ఫసలీకి ఐదువందల తొంభై కలిపితే సుమారుగా మన సంవత్సరం వస్తుంది. కేటలాగ్‌లో చూసి, నంబరును రిక్విజిషన్ స్లిప్ మీద రాసి ఇస్తే లోపలి నుంచి కట్ట తెచ్చి ముందు పెడతారు. సిరిసిల్ల తాలూకా అబ్కారీ మిసళ్లు అడిగాను. ఎల్లవ్వ వయసును బట్టి వెనక్కి లెక్కేసుకుని గత్తర వచ్చిన ఏళ్లు తిరగేశాను. మొదటిసారి ఏమీ దొరకలేదు. బస్సులో తిరిగి వస్తుంటే తట్టింది. ఆమె ఊరి పేరులో మొదటి అక్షరానికి ఒక చుక్క పోతే అది వేరే తాలూకాలోని ఇంకో ఊరి పేరవుతుంది. జాబితా రాసినవాడు అలాగే చదివి ఉంటాడు. మళ్లీ వెళ్లి ఆ రెండో ఊరి పేరుతో అడిగాను. వచ్చింది.

పలుచని మిసల్. పైన 'జవాను మృతి, వారసుల విచారణ' అని ఉంది. లోపల గిర్దావర్, అంటే విచారణకు వచ్చిన చిన్న అధికారి, రాసుకున్న మాటలు. షేక్ మదార్, అబ్కారీ జవాను, సొంతూరు కోరుట్ల, గత్తరతో ఫౌత్. భార్య హుసేన్‌బీ, ఫౌత్. కొడుకు యూసుఫ్, సుమారు ఎనిమిదేళ్లు, కోరుట్లలో చిన్నాన్న దగ్గర ఉన్నాడు. కూతురు జైనబ్, పాలు తాగే పిల్ల, ఫౌత్.

ఫౌత్ అంటే చనిపోయిందని.

దాని కింద వాంగ్మూలం ఇచ్చినవాడి పేరు. పోచయ్య, కలాల్, అంటే గౌండ్ల. వేలిముద్ర.

నకలు తీసుకుని వచ్చాను కానీ వాళ్లకు కబురు చేయడానికి నాకు చేతులు రాలేదు. లచ్చవ్వ చావుబతుకుల్లో ఏదో అని ఉండాలి, లేకపోతే ఈ పోచయ్య అబద్ధమాడి ఉండాలి.

కొన్నాళ్లకు తల్లీకొడుకులే వచ్చారు, నేను వరసగా చదివాను. తల్లి పేరు వినగానే ఎల్లవ్వ "హుసేన్‌బీ, హుసేన్‌బీ" అని రెండుసార్లు నెమ్మదిగా అనుకుంది. అన్న ఉన్నాడని వినగానే శంకర్ లేచి నిలబడ్డాడు. చివరి మాట చదివి, అది ఎవరు చెప్పారో కూడా చెప్పాను.

"పోచయ్యనా? మా నాయిన!" అంది ఎల్లవ్వ. నకలు మీద నల్లటి మచ్చలాగా ఉన్న వేలిముద్రను చూసింది. "మా నాయిన అబద్ధమాడడు బిడ్డా. కల్లుల నీళ్లు గూడ కలిపెటోడు కాదు."

ఆ మచ్చ మీద వేలు పెట్టి, మళ్లీ ఆమే అంది.

"మా అవ్వ ఎప్పుడన్న ఏడిస్తె అంటుండె, ముందుగాల ఒకతి పోయింది బిడ్డా, గత్తరల పోయింది, పసిగుడ్డు అని. నాకన్న పెద్దది కావచ్చనుకున్న. గిదన్నట్టు. ఆమెకు పిల్ల సచ్చిపోయింది. పాలున్నయి. నేనున్న." కొంగుతో మొహం తుడుచుకుంది. "కోరుట్లోల్లు నన్ను తీస్కపోతరని, సచ్చిపోయిందని చెప్పిండు. ఆడిండు బిడ్డా, మా నాయిన అబద్ధమాడిండు."

ఆమెకు కావలసింది తల్లి పేరు. అది దొరికింది. అక్కడితో ఆగి ఉంటే ఎలా ఉండేదో ఇప్పుడు చెప్పలేను. "అన్న ఉన్నడో లేడో చూడు బిడ్డా" అని ఆమె అడిగింది. కోరుట్ల నాకు కొత్త కాదు, మా చుట్టాలున్న ఊరు. షేక్ మదార్ కొడుకు యూసుఫ్ అని అడిగితే రెండు గల్లీల్లోనే తెలిసింది. దర్జీ పని చేసి, చూపు మందగించాక మానేసి, కొడుకూ కోడలి దగ్గర ఉంటున్నాడు.

ముందు నేనొక్కదాన్నే వెళ్లాను. మా ఇద్దరిదీ ఉర్దూ. నకలు చదివి, సంగతి చెప్పాను. యూసుఫ్ సాబ్ చివరిదాకా విన్నారు.

"నా చెల్లె గోరీ నేను కండ్లార చూసినమ్మా," అన్నారు. "అయినా రమ్మను. గామె మొకం చూస్త."

అప్పటికి తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. ఆఫీసులు మూతపడ్డాయి, బస్సులు ఆగిపోయాయి. ఆర్కైవ్స్ పని ఇంకొన్నాళ్లు ఆలస్యం చేసి ఉంటే ఆ మిసల్ నా చేతికి వచ్చేదే కాదు. పెత్తరమాస ముందర ఒక రోజు శంకర్ తల్లిని మోటార్ సైకిల్ మీద రుద్రంగి మీదుగా కోరుట్లకు తీసుకొచ్చాడు. నేను ఆటోలో వెళ్లాను. దారిలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. శంకర్ వాళ్లను కూడా అలాగే ఒక చోట ఆపి, తినకుండా కదలనివ్వలేదట. "ముసలవ్వ గూడ తెలంగాణ కోసం అచ్చిందని చప్పట్లు కొట్టిండ్రు మేడం," అన్నాడు శంకర్. నవ్వబోయాడు, నవ్వలేకపోయాడు.

యూసుఫ్ సాబ్ మంచం మీద కూర్చుని ఉన్నారు. ఎల్లవ్వ ఎదురుగా నేల మీద కూర్చోబోతే కోడలు కుర్చీ వేసింది. ఆయన మొహం దగ్గరగా పెట్టి చాలాసేపు చూశారు. తర్వాత తెలుగులోనే మాట్లాడారు.

"నిన్ను పెంచినామె పేరేంది?"

"లచ్చవ్వ."

"ఆఁ, లచ్చవ్వ." ఆయన రెండు చేతులూ ముందుకు చాపారు. "అమ్మీ చేతులు సల్లవడ్డయి. పాప ఏడుస్తున్నది. నాకేం తెల్వలే. ఎత్తుకొని ఉరికిన. ఎవలూ తలుపు తీస్తలేరు, గత్తర ఇంటి పిల్లలమని. గా లచ్చవ్వ తీసింది. నేనే ఆమె చేతులల్ల పెట్టిన."

"అన్నా," అంది ఎల్లవ్వ.

"మల్ల చిన్నాన్న, నేను అచ్చినం, పాపను తీస్కపోదామని. పోచయ్య మమ్ములను ఊరి బయటికి తోల్కపొయిండు. ఇగో, గీన్నే పెట్టిన అన్నడు. చిన్న మట్టికుప్ప. నాతోని మట్టి పోయించిండు. చిన్నాన్న దువా చదివిండు. నేను అప్పటిసంది ఏమనుకున్ననో తెలుసా? నేను ఇయ్యకుంట నా దగ్గర్నే పెట్టుకుంటె బతికేదేమో అనుకున్న. నా పెండ్లప్పుడు అనుకున్న. నాకు బిడ్డ పుడితె ఎత్తుకోవాలంటె భయపడ్డ."

ఎల్లవ్వ లేచి ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. "గా గోరీల పన్నది మా అవ్వ బిడ్డ అన్నా. వాళ్ల బిడ్డ గూడ గత్తరలనే పోయింది. దుఃఖంల చేసిండ్రు. నన్ను మంచిగ సాదిండ్రు. నన్ను ఏనాడూ ఒక దెబ్బ కొట్టలే."

"నిన్ను సాదిండ్రు. నన్ను?" అన్నారాయన. "ఒక్కనాడన్న కోరుట్లకు కబురు పంపలేకపొయ్యిండా గా మనిషి? నేను పెద్దగైనంక చెప్పలేకపొయ్యిండా? ఎంత దూరం? పొద్దుగాల బయలెల్లితె మాపటికి చేరే దూరం."

"మా నాయినను ఏమనకన్నా."

"వాడు నీ నాయిన కాదు!"

కోడలు పరుగున వచ్చింది. శంకర్ తల్లి భుజం పట్టుకున్నాడు. ఎల్లవ్వ అతని చెయ్యి తీసేసింది.

"నన్ను భుజాల మీద ఎక్కించుకొని జాతరకు తీస్కపోయినోన్ని నాయిన కాదంటె నా నోరు పడిపోతది. నువ్వు నా అన్నవే. నేను కాదంట లేను. గాయన్ను గూడ కాదనలేను."

ఆయన గోడవైపు తిరిగారు. ఎల్లవ్వ అడిగింది, "అమ్మ ఎట్లుండె? గదొక్కటి చెప్పు."

"నల్లగ, పొడుగ్గ ఉండె," అన్నారు అటు తిరిగే. "నవ్వొస్తె కొంగు నోట్ల కుక్కుకునేది, అబ్బా కోపం చేస్తడని." మళ్లీ ఆయనే, "ఇగ నువ్వు రాకమ్మా. నీ తప్పు లేదు. నిన్ను చూస్తె నాకు గా మట్టికుప్ప కనవడ్తది," అన్నారు.

బయటికి వచ్చాక ఎల్లవ్వ నన్ను పట్టుకుని ఏడవలేదు. శంకర్‌తో "పోదాం పా" అంది, అంతే. పెత్తరమాస నాడు హుసేన్‌బీ పేరు మీద, షేక్ మదార్ పేరు మీద, లచ్చవ్వ, పోచయ్యల పేర్ల మీద బియ్యం ఇచ్చిందని తర్వాత శంకర్ ఫోన్ చేసి చెప్పాడు. ఆ పేర్లు విని అయ్యగారు ఒక్కసారి తలెత్తి చూశాడట, తర్వాత బియ్యం అందుకున్నాడట.

చలికాలంలో యూసుఫ్ సాబ్ పోయారు. కోడలు నాకు ఫోన్ చేసింది, నేను శంకర్‌కు చేశాను. ఆ తల్లీకొడుకులు చేరేసరికి జనాజా గల్లీలోంచి కదులుతోంది. మగవాళ్లు భుజాలు మార్చుకుంటూ వెళ్తున్నారు. ఎల్లవ్వ గోడకు ఆనుకుని నిలబడింది. నేను పక్కనే ఉన్నాను. నుదుట బొట్టుతో ఉన్న ముసలామెను చూసి పొరుగింటావిడ అడిగింది, "ఎవలమ్మా నువ్వు? ఏమైతరు నీకు?"

నేను నోరు తెరిచేలోపలే ఎల్లవ్వ చెప్పింది. "ఏం గాదమ్మా. బట్టలు కుట్టించుకునేటోల్లం."

ఆయన రావద్దన్నారు కాబట్టి ఆ గడప తొక్కలేదు. జనాజా మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా నిలబడింది. తర్వాత నాతో జగిత్యాల వచ్చింది, శంకర్ వెనకాల వచ్చాడు. మా ఇంట్లో చాయ్ తాగుతూ అడిగింది.

"గా కాగితంల నేను సచ్చిపోయిన అనే ఉంటదా బిడ్డా? దిద్దరా?"

"దిద్దరు అవ్వా. ఆర్కైవ్స్ల ఉన్నదాన్ని ఎవలూ ముట్టరు. ఎట్ల రాసిండ్రో గట్లనే ఉంటది."

"ఉండనీ," అంది ఎల్లవ్వ. "మా అవ్వ బిడ్డ, గా సచ్చిన పిల్లకు ఇంకో కాగితం యాడున్నది? పేరు గూడ పెట్టకముందే పోయింది. నా పేరు మీదన్న ఉండనీ."

ఈ పనిలో నేను చాలా మిసళ్లు చదివాను. అంతకుముందు ఫౌత్ అని కనిపిస్తే చనిపోయారని చెప్పి పేజీ తిప్పేదాన్ని. ఇప్పుడు ఆ మాట ఎవరు చెప్పారో, ఆ పూట వాళ్లింట్లో ఏం జరిగి ఉంటుందో కూడా వెతుకుతాను. తర్జుమాలో 'చనిపోయింది' అని రాయను, 'చనిపోయిందని ఫలానా మనిషి చెప్పాడు' అని రాస్తాను. ఇంత పొడుగెందుకని కొందరు విసుక్కుంటారు. అయినా అలాగే రాస్తున్నాను.