పుల్ అంటే పులి కాదు

మా గుడిసెలకీ ఆసుపత్రికీ మధ్య ఒక కొండ ఉండేది. కొండకు ఇటు, అడవి నరికిన చోట మేం, అటు బాంబూఫ్లాట్. అక్కడ ఫెర్రీ ఎక్కి రేవు దాటితే పోర్ట్ బ్లెయిర్, ఆసుపత్రి. ఆ రేవులో అలలుండవు, ఫెర్రీ వానల్లోనూ తిరుగుతుంది. ఎండాకాలంలో మా ఒడ్డు నుంచి బోటు మీద సముద్రంలో చుట్టూ తిరిగి వెళ్ళేవాళ్ళం. వానలు పడ్డాయంటే సముద్రం ఒప్పుకోదు. నా మొదటి కాన్పు వానల్లోనే వచ్చింది. బోటు కదల్లేదు, బిడ్డ దక్కలేదు. మళ్ళీ నెల తప్పాక లెక్క చూసుకుంటే, ఈసారీ వానల్లోనే పడింది. ఆ రోజు నుంచి నాకు దేవుడి మీదా, మా ఆయన మీదా, ఆ కొండ మీదా ఒకటే కోపం.

ఇంగ్లీషువాళ్ళ కాలంలో ఖైదీల చేత ఆ కొండ మీద రోడ్డు వేయించారట. వాళ్ళు వెళ్ళిపోయాక అడవి దాన్ని మింగేసింది. స్వాతంత్ర్యం వచ్చాక మమ్మల్ని తెచ్చి ఇక్కడ దింపిన సర్కారు, ఆ జాడ పట్టుకునే కొత్త రోడ్డు వేయిస్తోంది. విశాఖ వైపు నుంచి వచ్చిన మా చర్చి వాళ్ళందరం అందులో కూలీలమే. మగవాళ్ళు చెట్లు నరికేవారు, ఆడవాళ్ళం కంకర కొట్టేవాళ్ళం. పొట్ట పెరుగుతున్నా నేను పని మానలేదు. ఇంట్లో కూర్చుంటే రోడ్డు ఎందాకా వచ్చిందో అని ప్రాణం కొట్టుకునేది.

కొండ నడుమ లోతైన గెడ్డ దగ్గర పాత రోడ్డు జాడ తప్పిపోయి, పని ఆగిపోయింది. ఆ వాగు మీద వంతెన కట్టాలి, అది వానల్లోపు అయ్యే పని కాదన్నాడు ఓవర్సీరు. వచ్చే ఎండాకాలం చూద్దామని తేలిగ్గా అనేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నా కడుపు ఒచ్చే ఎండల దాకా ఆగదు బాబూ," అన్నాను.

ఆయన మొహం చిన్నబోయింది. గెడ్డ ఎక్కడైనా ఇరుకుగా ఉందేమో చూడమని మా మగవాళ్ళనీ, రాంచీ నుంచి వచ్చిన కూలీలనీ పైకి పంపాడు. కాసేపటికి మావాళ్ళు కత్తులు కూడా వదిలేసి పరుగున దిగి వచ్చారు. అందరికన్నా ముందు మా ఆయన.

"ఏటయ్యింది?" అన్నాను.

"పులి. రాంచీ భయ్యా చూసీసేడు. పులి హై, పులి హై అని ఒకటే కేకలు. నువ్వూ నడు."

మాకు అప్పటికి హిందీ అంతంతమాత్రం. మా మన్యం కొండల్లో పులి అంటే ఆటలు కాదు. ఆ మాట చెవిన పడ్డాక ఆగి ఆలోచించేవాడు మా వైపు పుట్టలేదు. ఈ దీవుల్లో పులులే లేవని మాకెవరు చెప్పారు కనుక.

వెనకాలే రాంచీ అతను నవ్వుతూ దిగాడు. "అరే భయ్యా, పుల్. పుల్ హై," అంటూ చేత్తో ఈ గట్టు నుంచి ఆ గట్టుకు చూపించాడు.

ఓవర్సీరు చటుక్కున లేచి నిలబడ్డాడు. "పుల్ అంటే వంతెనయ్యా," అన్నాడు.

పొట్ట పట్టుకుని నేనూ వాళ్ళ వెనక ఎక్కాను. తీగలు కోసేకొద్దీ రాతి కమాను బయటపడింది. గొలుసులతో వచ్చినవాళ్ళు పేర్చిన రాళ్ళవి. ఒక్కటీ కదల్లేదు. మా ఆయన దాని మీద గెంతి చూశాడు. "పులి మీద గెంతుతున్నావేటి?" అన్నాను. ఆడవాళ్ళందరం పగలబడి నవ్వాం. నవ్వుతూ నవ్వుతూనే నేను ఏడ్చేశాను. ఆ ఆదివారం ఆరాధన ఆ వంతెన మీదే జరుపుకున్నాం.

రోడ్డును వంతెన వైపు తిప్పారు. తొలి వానలు పడుతుండగా అది కొండ దాటింది. నాకు నొప్పులు వచ్చిన రోజు పొద్దున్నే కుండపోత. కంకర మోసే లారీలో పడుకోబెట్టారు. వంతెన దగ్గర గెడ్డ హోరు విని డ్రైవరు తటపటాయించాడు. "పోనీ భయ్యా," అని వెనక నుంచి అరిచాను. లారీ దాటింది. బాంబూఫ్లాట్‌లో నన్ను దింపి ఫెర్రీ ఎక్కించారు.

ఆసుపత్రిలో నర్సమ్మ తెలుగావిడ. "కొండవతల నుంచా? ఈ వానకి మీ వైపు బోట్లు తిరగట్లేదు కదమ్మా, ఎలాగొచ్చేవు?" అంది.

"రోడ్డు మీదొచ్చేను. మేమేసిందే," అన్నాను.

అంత నొప్పిలోనూ ఆ మాట అంటుంటే నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రంతా వినబడేలా ఏడ్చింది.