ముందు వాటాకి ప్లాస్టిక్ గడ్డి

"నిజం గడ్డి వేయిస్తే రోజూ నీళ్ళెవరు పోస్తారో మీ అమ్మగారిని అడుగు."

"వానదేవుడు పోస్తాడని చెప్పవే మీ ఆయనకి. కోనసీమలో గడ్డి పీకలేక చస్తుంటే, దానికి నీళ్ళు పొయ్యడం కూడానా!"

"ప్లాస్టిక్కుదైతే కొయ్యక్కర్లేదు, పురుగూ పుట్రా చేరదు. అద్దెకొచ్చే డాక్టరు గారు లాన్ ఉంటే బావుంటుందన్నారండీ అని చెప్పు."

"అయితే కొబ్బరిచెట్లు కూడా ప్లాస్టిక్కువే పాతించమను. కాయల దింపు కూలి మిగులుతుంది."

"ఇద్దరికీ చెవులున్నాయి కదా, మధ్యలో నన్నెందుకు చంపుతారు?" అంది మా అమ్మాయి, గుమ్మానికి అటూ ఇటూ చూసి.

ఇదంతా ఏ కాలం మాటో అనుకునేరు, నా మోకాళ్ళు ఇంకా మాట వింటున్న రోజులు. అల్లుడుగారు వరండాలో కుర్చీలో, నేను లోపల తలుపు చాటున. మా ఇళ్ళల్లో అత్తగారు అల్లుడికి ఎదురుపడి మాట్లాడదు. (ఇప్పుడు అందరూ మానేశారు లెండి. మా పక్కింటావిడ అల్లుడితో క్యారమ్స్ ఆడుతోందని తెలిసి, చాన్నాళ్ళు వాళ్ళింటి మజ్జిగ కూడా ముట్టుకోలేదు నేను.) నా చదువు పలక దగ్గరే ఆగిపోయింది కానీ, మర్యాద మాత్రం తప్పలేదని నాకో గొప్ప.

ఇల్లు నా పేరు మీదే ఉంది. మా వారు పోయాక కొబ్బరి డొక్కలు, మట్టలు కూడా వదలకుండా అమ్మి, అద్దెకివ్వడానికి ముందు వాటా వేయించి, నేను వెనక వాటాలో సర్దుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు గడ్డి మీద అంత ప్రేమేం లేదు. పుట్టిన దగ్గర్నుంచీ దాన్ని పీకించినదాన్నే. గట్టు మీద గరిక తెచ్చి నాటితే ఊరికే అల్లుకుపోతుంది కదా అన్నాను. ఆ మాట చెల్లుతుందా లేదా అన్నదే నా బాధ. నేను కట్టించిన ఇంటి ముందు ఏం మొలవాలో కూడా నేను చెప్పకూడదా?

పులుసు చల్లారిపోతోందని అమ్మాయి విసుక్కునేసరికి, "సరే, అత్తయ్యగారి ఇష్టమే కానివ్వమను," అని అల్లుడుగారు విస్తరి ముందు కూర్చున్నారు. గెలిచాననుకుని ఆ పూట ఆయనకి ఇంకో గరిటె నెయ్యి పంపించాను. (నెయ్యి విషయంలో నా చెయ్యి ఎంత బిగువో మా ఊరంతటికీ తెలుసు.)

మర్నాడు పొద్దున్నే వీధిలో వ్యాను ఆగింది. ఇద్దరు మనుషులు పచ్చటి చుట్టలు దింపారు, పెళ్ళిళ్ళలో తివాచీలు దింపినట్టు. అమ్మాయి పిల్లాడిని బడిలో దింపడానికి అమలాపురం వెళ్ళింది. అల్లుడుగారు గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని పేపరు పట్టుకున్నారు. పేపరు తలకిందులుగా ఉన్నా నేను ఆశ్చర్యపోను.

తలుపు గొళ్ళెం చప్పుడు చేశాను. ఆయన పేజీ తిప్పారు. ఇంకా గట్టిగా ఆడించాను.

"గాలి ఎక్కువగా ఉన్నట్టుందండీ, అంచులు లేవకుండా మేకులు కొట్టండి," అన్నారాయన పనివాళ్ళతో.

ఒక్క కొబ్బరాకు కదిలితే ఒట్టు.

పెరటి దారిన చుట్టూ తిరిగి వెళ్ళొచ్చు. వెళ్ళి ఎవరితో ఏమనాలి? పక్కింటావిడైతే బయటికొచ్చి, "ఏవండీ అల్లుడుగారూ, ఏమిటీ పని?" అని నిలదీసేది. క్యారమ్స్ ఆడేవాళ్ళకి ఆ సుఖం ఉంది. నేను కొంగు తల మీదికి లాక్కుని, తలుపు సందులోంచి నా వాకిలి కాస్త కాస్తగా కప్పబడిపోవడం చూస్తూ నిలబడ్డాను. అప్పుడు తలుపు చాటున నిలబడ్డ ఆ బింకం మనిషిని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. మర్యాద ఆవిడొక్కర్తే పాటించాలని ఎవరు చెప్పారో ఆవిడకి!

ఎండెక్కేసరికి పని పూర్తయింది. అమ్మాయి వచ్చి, చెప్పులు విడిచి దాని మీద నడిచి చూసి, "ఎలా ఉందే అమ్మా?" అంది.

"బావుందని చెప్పు మీ ఆయనకి," అన్నాను.